కళింగర కాయ నీళ్ళే కదా అని ఎంతైనా తినొచ్చా? షుగరు, బీపీ, కడుపుతో ఉన్నోళ్ళ సంగతేంది?

టవర్‌క్లాక్_అనంత అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే, మాది అనంతపురం. ఎండలు అప్పుడే 41, 42 చూపిస్తాండాయి, మా ఇంట్లో పొద్దున మాపు కళింగర కాయే (పుచ్చకాయ అంటారు కదా కోస్తాలో, అదే). మా పెద్దమామ వాళ్ళ తోట గార్లదిన్నె పక్క, లారీకి ఎత్తంగా మిగిలిన కాయలు ఆటోలో ఏసి పంపించినారు, ఇప్పుడు మంచాల కింద, మెట్ల కింద యాడ చూసినా అవే.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో సమస్య. నాయనకు షుగరు, బీపీ రెండూ ఉండాయి, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ వేసుకుంటాడు. "ఇది నీళ్ళే కదరా, నీళ్ళకు షుగరేంది" అని రోజూ సగం కాయ ముందర పెట్టుకోని స్పూనుతో మొత్తం తవ్వి తినేస్తాడు. కాయలు కూడా చిన్నవి కాదు, మూడేసి కిలోలు ఉంటాయి. నా భార్యకు ఆరో నెల, హిమోగ్లోబిన్ 9.2 ఉందని డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసింది, మా జేజి ఏమో కళింగర ఎర్రగా ఉంటాది కాబట్టి రక్తం పడతాది, మాత్రలు వేడి చేస్తాయి మానెయ్యి అంటాది. పాపకు రెండేళ్ళు, గింజలు మింగితే ఏమన్నా అవుతాదా అని భయం. ఇవన్నీ చాలనట్టు పక్కింటామె వాట్సాప్‌లో వీడియో చూపించింది, కాయలకు సూదితో ఎర్రరంగు ఎక్కిస్తాండారంట.

నెట్‌లో చూస్తే ఒకడు అమృతం అంటాడు ఒకడు విషం అంటాడు. తెలిసినోళ్ళు కొంచెం లెక్కలతో చెప్పండి ప్లీజ్, నాయనకు ఊరికే వద్దంటే వినడు, లెక్క చెప్తే వింటాడు.

---

సంగటి_ప్లేటు (కర్నూలు):

అన్నా నేను డైటీషియన్‌ని, కర్నూలులో పని చేస్తున్నా, నా దగ్గరికి ఎండాకాలం వచ్చే షుగర్ పేషెంట్లలో చాలామంది అడిగేది ఇదే కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు కాయలో ఏముందో చూద్దాం. 100 గ్రాముల ఎర్ర గుజ్జులో 91 గ్రాములు నీళ్ళే, అంతవరకు మీ నాయన చెప్పింది కరెక్టు. 30 కేలరీలు, ఏడున్నర గ్రాముల పిండిపదార్థం, అందులో 6 గ్రాముల పైన చక్కెరలే. పీచు అర గ్రాము కూడా లేదు. విటమిన్ సి 8 మిల్లీగ్రాములు, పొటాషియం 112, సోడియం 1. విటమిన్ సి కోసమే తినాలంటే జామకాయ ముందు ఇది ఎందుకూ పనికిరాదు, జామలో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. కళింగరలో నిజంగా గొప్పగా ఉన్నవి రెండు. ఒకటి లైకోపిన్, ఆ ఎరుపు దానిదే, 100 గ్రాములకు నాలుగున్నర మిల్లీగ్రాములు, పచ్చి టమోటా కంటే ఎక్కువ. రెండోది సిట్రులిన్ అనే అమైనో ఆమ్లం, దీన్ని 1914లో జపాన్‌లో పుచ్చకాయ రసం నుంచే మొదట బయటికి తీశారు. ఇది మన కిడ్నీల్లో ఆర్జినిన్‌గా మారుతుంది, ఆర్జినిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది, దాంతో రక్తనాళాలు కొంచెం వదులవుతాయి. పుచ్చకాయ బీపీకి మంచిది అనే మాట వచ్చింది ఇక్కడి నుంచే. కొద్దిమంది మీద చేసిన పరిశోధనల్లో బీపీ కొంచెం తగ్గినట్టు కనిపించింది, అయితే వాళ్ళకు ఇచ్చింది ఎక్కువగా సారం పొడి, మామూలు ముక్కలు కాదు. మాత్ర మానేసేంత పని ఇది చెయ్యదు, దయచేసి నాయన గారికి ఈ ముక్క గట్టిగా చెప్పండి.

ఇప్పుడు షుగర్ లెక్క. గ్లైసెమిక్ ఇండెక్స్ అని వింటుంటారు కదా, తిన్నది రక్తంలో షుగర్‌ని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే నంబరు, పుచ్చకాయది 70 దాటుతుందని చాలా పట్టికల్లో ఉంటుంది, అది చూసి కొందరు ముట్టుకోనే వద్దంటారు. ఆ నంబరు ఎట్ల వస్తుందంటే, 50 గ్రాముల పిండిపదార్థం వచ్చేంత పండు తినిపించి రక్తంలో షుగర్ కొలుస్తారు. కళింగరలో అంత రావాలంటే 650 గ్రాములకు పైగా తినాలి. మామూలుగా ఎవరూ ఒకేసారి అంత తినరు, ఒక చిన్న గిన్నె 150 గ్రాములు తింటే లోపలికి పోయేది 11 గ్రాములే, అందుకే షుగర్ ఉన్నవాళ్ళు కూడా కొలతలో తినొచ్చని మేం చెప్తాం. కానీ మీ నాయన గారిది వేరే కేసు. మూడు కిలోల కాయలో సగం, తొక్క పోను కిలో దాకా గుజ్జు వస్తుంది. కిలో అంటే 75 గ్రాముల పిండిపదార్థం, అందులో 60 గ్రాముల పైన చక్కెర, అది కూడా పీచు లేకుండా. ఆ ఇండెక్స్ భయం ఆయన విషయంలో నిజమే అవుతుంది, ఎందుకంటే ఆ టెస్టులో తినే దానికంటే ఎక్కువే రోజూ తింటున్నారు.

నాయన గారికి నేను ఇచ్చే కొలత రోజుకు 150 నుంచి 200 గ్రాములు, ఒక్కసారే, అన్నం తిన్న వెంటనే కాదు, సాయంత్రం నాలుగు గంటలప్పుడు. పక్కన గుప్పెడు వేయించిన శనక్కాయలు పెట్టండి, లైకోపిన్ నూనె ఉంటేనే ఒంటికి బాగా పడుతుంది, కడుపు కూడా నిండినట్టు ఉంటుంది. జ్యూస్ వద్దే వద్దు, ఒక పెద్ద గ్లాసులో అర కిలో గుజ్జు ఈజీగా పోతుంది, పైన వాళ్ళు చక్కెర వేస్తారు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఒకరోజు 200 గ్రాములు తిన్న రెండు గంటలకు, ఇంకోరోజు సగం కాయ తిన్న రెండు గంటలకు చూపించండి. మీరు లెక్క అడిగారు కదా, ఆ రెండు నంబర్లు చూస్తే ఆయనే ఒప్పుకుంటారు.

ఇంకో ముఖ్యమైన విషయం, ఆయన వేసుకునే టెల్మిసార్టాన్ ఒంట్లో పొటాషియంని కొంచెం నిలబెడుతుంది. కిడ్నీలు బాగున్నవాళ్ళకు పండ్లతో ఏమీ కాదు. కానీ షుగర్, బీపీ రెండూ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకు కిడ్నీ ఎట్లుందో తెలుసుకోకుండా రోజూ కిలో పండు, అంటే 1100 మిల్లీగ్రాముల పైన పొటాషియం, మంచిది కాదు. ఈ మధ్య క్రియాటినిన్, పొటాషియం టెస్టులు చేయించకపోతే చేయించండి.

---

డ్రిప్పు_రైతు:

అన్నా మాది తాడిపత్రి పక్క పల్లె, మేం చీనీ తోటల మధ్యలో, ఖాళీ మడుల్లో కళింగర పెడతాం, మల్చింగ్ షీటు ఏసి డ్రిప్పు మీద. తినే లెక్కలు పైన మేడం బాగా చెప్పినారు, నేను ఆ ఇంజెక్షన్ వీడియో గురించే చెప్తా ఎందుకంటే దాని దెబ్బ పడేది మా మీదే.

కాయ తీగ మీద ఉన్నప్పుడు సూది గుచ్చినారంటే ఆ బొక్కలోంచి నీళ్ళు కారి చీమలు పట్టి రెండ్రోజుల్లో కుళ్ళిపోతాది. కోసినాక గుచ్చినా అంతే. పైగా లోపల ఖాళీ ఉండదు, గట్టి గుజ్జు, ఎక్కించిన రంగు గుచ్చిన కాడ మరకలాగా ఉంటాదే గానీ కాయంతా సమానంగా పాకదు. మేం లారీకి టన్నుల లెక్కన ఎత్తుతాం, కాయకాయకూ సూది గుచ్చే కూలి ఎవడిస్తాడు చెప్పండి. 2025 ఎండాకాలంలో తమిళనాడులో ఇదే మాట లేచి జనం కొనడం మానేసి ధర పడిపోయి రైతులు రోడ్డెక్కినారు. పంట చేతికొచ్చేది అరవై ఐదు, డెబ్బై దినాల్లో, కాయ నిలవ ఉండేది కాదు, ఆ పది దినాలు ధర పోతే ఏడాది పెట్టుబడి పోయినట్టే. వీడియో ఫార్వర్డ్ చేసేముందు ఈ ముక్క కొంచెం ఆలోచించండి అందరూ.

అనుమానం ఉంటే ఆహార భద్రతా సంస్థ వాళ్ళు చెప్పిన పరీక్ష ఉంది, కాయ రెండుగా కోసి ఎర్ర గుజ్జు మీద దూదితో రుద్దండి, దూది బాగా ఎర్రగా అయితే కలిపిన రంగు. పండులో ఉండే అసలు ఎరుపు నీళ్ళలో కరిగేది కాదు, అంతగా అంటుకోదు. నా లెక్కలో భయపడాల్సింది పూర్తి కాయకు కాదు, ముక్కలు కోసి ప్లేట్లలో పెట్టి అమ్మేదానికి, జ్యూసులకు.

కాయ మధ్యలో పగిలినట్టు డొల్ల కనిపిస్తే మందు కొట్టినారు అంటారు శానామంది. అది పరాగం సరిగా పడక వచ్చేది. కళింగరలో మగపూలు ఆడపూలు వేరే వేరే ఉంటాయి, తేనెటీగలు పొద్దున్నే తిరగాల, ఆ టైంలో చలో మబ్బో ఉంటే పరాగం తక్కువైతాది, తర్వాత కాయ దబదబా ఊరితే మధ్యలో చీలుతాది. నిక్షేపంగా తినొచ్చు, తీపి కూడా తగ్గదు.

మీ మంచం కింద కాయలు ఎక్కువ కాబట్టి ఇంకో మాట. ఇది మామిడి మాదిరి ఇంట్లో పెడితే మాగేది కాదు, కోసిన దినం ఎంత తీపో అంతే. నేలకు ఆనుకున్న మచ్చ తెల్లగా ఉంటే పచ్చిది, వెన్న రంగులో పసుపుగా ఉంటే పండింది. తొడిమ దగ్గరి నులితీగ ఎండి ఉండాల. చేత్తో కొడితే బోదగా మోగాల, ఖణేల్ మంటే ఇంకా పచ్చే. సైజుకు మించి బరువు ఉండాల. మచ్చ పసుపుగా ఉన్నవి ముందు తినేయండి. కోసేముందు తొక్కను నీళ్ళతో బాగా రుద్ది కడగండి, పైన మట్టి, మందు చినుకులు ఉంటాయి, కత్తి అదంతా లోపలికి తీసుకపోతాది.

---

ఏడురోడ్లు_కడప:

తమ్ముడూ, తొక్కలు బయట పారేస్తున్నారా? ఎర్రది తినేసి, పైన ఆకుపచ్చ పొర పలచగా చెక్కేస్తే మధ్యలో తెల్లగా గట్టిగా ఉంటుంది చూడు, అది సొరకాయ లాగే వండుకోవచ్చు. మా ఇంట్లో ఎండాకాలమంతా కందిపప్పులో వేసి వండుతాం, పచ్చిమిరపకాయ, చింతపండు, ఎల్లిపాయ తిరగవాత. పచ్చడి అయితే తెల్ల ముక్కలు నూనెలో మగ్గించి, వేయించిన శనగ్గింజలు, పచ్చిమిరప, కొంచెం చింతపండు, రోట్లో బరకగా దంచుకుంటే సంగట్లోకి ఎంత బాగుంటుందో, రొట్టెల్లోకీ బాగుంటుంది. దీంట్లో తీపి చాలా తక్కువ, మీ నాయనకు నిశ్చింతగా పెట్టొచ్చు. పైన మేడం చెప్పిన సిట్రులిన్ కూడా ఈ తెల్ల భాగంలో బాగానే ఉంటుంది అంటారు, మేడం చెప్పాలి కరెక్టా కాదా.

గింజలు కడిగి ఎండబెట్టి వేయించి పైపొట్టు తీస్తే పప్పు వస్తుంది, ఓపిక ఉంటే చెయ్యండి, లేకపోతే అంగట్లో అమ్ముతారు తీసినవే.

ఇంకోటి. రంజాన్ నెలలో మా వీధిలో ఇఫ్తార్‌కు ఖర్జూరం తర్వాత పళ్ళేల్లో ఇదే పెడతారు, దినమంతా నీళ్ళు లేకుండా ఉన్న ఒంటికి మంచిదే, కానీ మధ్యాహ్నమే కోసి ఈగలు వాలేటట్టు, పైన ఐసుగడ్డ పెట్టి అమ్మే బండ్ల దగ్గర తీసుకోవద్దని అందరికీ చెప్తుంటా. పోయిన ఎండాకాలం మా చెల్లెలి కొడుక్కి అట్లనే బండి మీద ముక్కలు తిన్న రాత్రే వాంతులు విరేచనాలు పట్టుకుని సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. కాయ కొనుక్కోని ఇంట్లోనే కోసుకోండి.

---

సంగటి_ప్లేటు:

అక్కా కరెక్టే, తెల్ల భాగంలో సిట్రులిన్ మంచిగానే ఉంటుంది, పారేసేది కాదు. గింజల పప్పు బలమైన తిండి, 100 గ్రాముల్లో 28 గ్రాముల దాకా ప్రోటీన్, మెగ్నీషియం, జింక్, అయితే సగం దాకా కొవ్వే కాబట్టి ఒకటి రెండు చెంచాలు చాలు.

కోసిన ముక్కల గురించి అక్క చెప్పింది చాలా ముఖ్యం. నిమ్మ, చీనీల్లో పులుపు ఉంటుంది, ఆ పులుపులో సూక్ష్మక్రిములు అంత తొందరగా పెరగవు. పుచ్చకాయలో ఆ పులుపు లేదు, నీళ్ళు, చక్కెర ఉన్నాయి, మన కర్నూలు ఎండలో కోసి బయట పెడితే సాల్మొనెల్లా లాంటివి గంటల్లో పెరిగిపోతాయి. ఇంట్లో కోసినా సరే గంటలోపు తినేయండి, మిగిలితే మూత పెట్టి ఫ్రిజ్‌లో, రెండ్రోజులు దాటనివ్వద్దు. కోయని కాయను మాత్రం ఫ్రిజ్‌లో తోసెయ్యాల్సిన పని లేదు, బయట నీడలో ఉంటేనే లైకోపిన్ బాగుంటుంది, తినే పూటకు ముందు చల్లబెట్టుకుంటే చాలు.

---

హంద్రీ_గట్టు:

నాకు తెలిసిన ఒక మాట చెప్పాలనిపించి రాస్తున్నా. మా చిన్నాయన డయాలిసిస్ పేషెంటు, వారానికి మూడుసార్లు. చూడ్డానికొచ్చే చుట్టాలందరూ కళింగర కాయ తెచ్చేవాళ్ళు, "చలువ చేస్తాది, ఒంటేలు బాగా వస్తాది, కిడ్నీ కడిగేస్తాది" అని. ఒక ఆదివారం మనవళ్ళతో పాటు కూర్చుని బాగా తినేసినాడు. రాత్రికి ఆయాసం, కాళ్ళల్లో సత్తువ లేదు, ఎమర్జెన్సీకి తీసుకపోతే పొటాషియం బాగా పెరిగింది, గుండె లయ తప్పుతాంది అని అప్పటికప్పుడే డయాలిసిస్ పెట్టినారు. అదృష్టం బాగుంది.

డాక్టరు చెప్పింది ఏందంటే, కిడ్నీ పని చేసేవాళ్ళకు ఎక్కువ నీళ్ళు, పొటాషియం ఒంటేల్లో పోతాయి, డయాలిసిస్ వాళ్ళకు పోయే దారే లేదు, నీళ్ళు ఊపిరితిత్తుల్లో చేరతాయి, పొటాషియం రక్తంలో నిలుస్తాది. వాళ్ళకు తాగే నీళ్ళే కొలిచి ఇస్తారు కదా, 91 శాతం నీళ్ళున్న పండు కూడా ఆ నీళ్ళ లెక్కలోకే వస్తాది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు అప్పుడు. కిడ్నీ పేషెంటును చూడ్డానికి పోతే కళింగర కాయ, టెంకాయ నీళ్ళు తీసుకపోవద్దండి దయచేసి.

---

టవర్‌క్లాక్_అనంత:

అందరికీ శానా థాంక్స్. నాయనకు ఆ కిలో లెక్క చదివి వినిపించినా, కొంచేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "టెస్టుకు ఎప్పుడు పోదాం" అన్నాడు. మేడం, నా భార్య సంగతి, పాప సంగతి కూడా చెప్పరా, జేజి రోజూ మాత్రలు దాచిపెడతాంది.

---

సంగటి_ప్లేటు:

చెప్తా అన్నా, మాత్రల విషయం అస్సలు ఆలస్యం చెయ్యొద్దు. ఎరుపుకీ రక్తానికీ సంబంధం లేదు, ఆ ఎరుపు లైకోపిన్‌ది. 100 గ్రాముల కళింగరలో ఐరన్ పావు మిల్లీగ్రాము కూడా ఉండదు, కిలో తిన్నా రెండున్నర దాటదు. గర్భిణీలకు ప్రభుత్వం ఇచ్చే ఒక్క ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. 9.2 అంటే గర్భంలో అది కొంచెం తక్కువ అని వదిలేసే నంబరు కాదు, మధ్యస్థ రక్తహీనత కిందికి వస్తుంది, కాన్పు టైంలో రక్తం పోతే తట్టుకునే శక్తి ఉండాలి కదా. జేజికి కోపంగా కాదు, పక్కన కూర్చోబెట్టుకుని ఈ సంగతి చెప్పండి, ఆవిడ కూడా మంచి కోరే చెప్తోంది. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పడం, మలబద్ధకం, నల్లగా విరేచనం మామూలే, దాన్నే పెద్దవాళ్ళు వేడి అంటారు. తట్టుకోలేకపోతే డాక్టరమ్మకు చెప్తే వేరే రకం రాస్తారు, మానెయ్యడం కాదు. టీ, పాలు, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు, నిమ్మరసం నీళ్ళతో వేసుకుంటే బాగా పడుతుంది. తిండిలో ఆకుకూరలు, రాగులు, గుడ్డు, మాంసం తినేవాళ్ళైతే మాంసం పెట్టండి.

కళింగర ఆమె తినొచ్చు, ఒక గిన్నె, ఎండలో ఒంటికి నీళ్ళు అందుతాయి, వికారం ఉన్నప్పుడు కూడా తేలిగ్గా దిగుతుంది. ఆరో నెల అంటున్నారు కాబట్టి 24 నుంచి 28 వారాల మధ్య చేసే గ్లూకోజ్ టెస్టు అయిందో లేదో కనుక్కోండి. అందులో షుగర్ వస్తే ఆమె కొలత కూడా మీ నాయన కొలతే.

పాపకు గింజలు తీసి, చిన్న ముక్కలుగా, కూర్చోబెట్టి పెట్టండి. గింజ మింగితే కడుపులో ఏమీ కాదు, మామూలుగా బయటికి పోతుంది. భయం అంతా గొంతులోదే, నవ్వుతూ పరిగెత్తుతూ తింటే గింజ గాలిగొట్టంలోకి పోవచ్చు. కొంతమందికి, పిల్లలకైనా పెద్దలకైనా, ఎక్కువ తింటే కడుపుబ్బరం, నీళ్ళ విరేచనం వస్తుంది, ఇందులో ఫ్రక్టోజ్ అనే పండ్ల చక్కెర ఎక్కువ, అందరి పేగులూ దాన్ని పీల్చుకోలేవు.

---

పత్తికొండ_మేటు:

మేడం ఒక డౌటు. నేను ఉపాధి పనుల కాడ మేటుగా ఉంటా. ఈ ఎండల్లో కూలీలు మజ్జిగ కంటే కళింగర కాయే తెచ్చుకుంటాండారు, తియ్యగా ఉంటాది, దప్పిక తీరుతాది అని. అయినా మధ్యాహ్నానికి పిక్కలు పట్టుకుంటాండాయి కొందరికి. ఇది తింటే నీళ్ళు సరిపోయినట్టేనా?

---

సంగటి_ప్లేటు:

మంచి ప్రశ్న అన్నా. నీళ్ళు అందుతాయి, ఉప్పు అందదు. చెమటలో పోయేది నీళ్ళతో పాటు ముఖ్యంగా సోడియం, కళింగరలో అది 100 గ్రాములకు ఒక్క మిల్లీగ్రామే. గడ్డపార పట్టుకుని గంటల తరబడి చెమటలు కారే మనిషి పండ్లు, మంచినీళ్ళు మాత్రమే తీసుకుంటే పోయిన ఉప్పు తిరిగి రాదు, పిక్కలు పట్టడం, కళ్ళు తిరగడం దాంతో కూడా వస్తాయి. కాయ తిననీయండి, తప్పులేదు, ముక్కల మీద ఉప్పు చల్లుకుంటే ఇంకా మంచిదే. దాంతోపాటు ఉప్పేసిన పల్చటి మజ్జిగ గానీ, గంజిలో ఉప్పు గానీ, లేదా ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్ళలో కలిపి గానీ పెట్టుకోండి. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమానంగా. బీపీ మాత్రలు వేసుకునే కూలీలు ఉంటే వాళ్ళు ఎంత ఉప్పు తీసుకోవచ్చో ముందే డాక్టర్‌ని అడిగి పెట్టుకోవాలి. ఎవరికైనా మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ, అప్పుడు నోట్లో ఏమీ పొయ్యొద్దు, నీడకు చేర్చి తడిగుడ్డలు వేసి, విసురుతూ, 108కి ఫోన్ చెయ్యండి.

---

పత్తికొండ_మేటు:

సరే మేడం, రేపట్నుంచి రెండు బిందెలు ఉప్పు మజ్జిగ పని కాడే పెట్టిస్తా. ఓఆర్‌ఎస్ పొట్లాలు మా ఊరి ఆశా అక్కను అడుగుతా.